ఆ సిమ్ కార్డు ఎవరి పేరు మీద ఉంది?

పోయిన భాగం కింద ఒక బీటెక్ తమ్ముడు కామెంటు పెట్టాడు. "అన్నా, అన్నిట్లోనూ కులం వెతక్కు. లారీలకు జీపీఎస్ పెట్టాక డీజిల్ దొంగతనాలు ఆగాయి, అడ్డదిడ్డం డ్రైవింగ్ తగ్గింది. శాటిలైటుకి కులమేంటి?" అని. చాలామంది లైకు కొట్టారు. వాళ్ళలో మన హాస్టళ్ళ పిల్లలే ఎక్కువ. అందుకే హమాలీల గురించి రాయాల్సిన ఈ వారం భాగాన్ని పక్కనపెట్టి దీని గురించి రాస్తున్నా.

శాటిలైటుకి కులం లేదు. నిజమే తమ్ముడూ. ఇంకో మాట కూడా చెప్తా విను. శాటిలైటు అసలు ఎవర్నీ చూడదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల పైన తిరిగే జీపీఎస్ ఉపగ్రహానికి ఒకటే పని. తన దగ్గరున్న అణు గడియారం చూసుకుని, నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత అని రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. లారీ డాష్‌బోర్డు వెనకాల బిగించిన చిన్న డబ్బా కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వింటుంది. ఒక్కో సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి తానెక్కడుందో తేల్చుకుంటుంది. అంతే. ఆకాశం పని అక్కడితో అయిపోయింది. ఆకాశం నుంచి కిందికి వచ్చేది టైము మాత్రమే.

ఆ తర్వాత డబ్బాలో ఉన్న సిమ్ కార్డు పని మొదలవుతుంది. బండి ఎక్కడుంది, ఎంత స్పీడులో ఉంది, ఇంజను ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, బ్రేకు గట్టిగా కొట్టారా, ట్యాంకులో డీజిల్ ఒక్కసారిగా తగ్గిందా, ఇవన్నీ మామూలు మొబైల్ టవర్ల మీదుగా ఒక సర్వర్‌కి పోతాయి. అక్కడి నుంచి ఓనర్ ఫోన్‌కి. కాబట్టి నువ్వు అడగాల్సింది శాటిలైటు కులం గురించి కాదు. ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది? ఆ సర్వర్ తాళం ఎవరి దగ్గరుంది? లారీ ఎక్కితే ఓనర్ ఎవరో, డ్రైవర్ ఎవరో, టైర్ల కింద రాళ్ళు పెట్టి, తాళ్ళు బిగించి, బంపర్ పక్కన పడుకునే క్లీనర్ ఎవరో మన ఊళ్ళల్లో నేను వేరే చెప్పాలా?

ఆకాశం గురించి ఎలాగూ మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. మన దేశానికి సొంత ఏర్పాటు ఉంది, నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్ళింది, 2016 ఏప్రిల్‌కి ఏడూ పైకి చేరాయి. ఆ మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ చెడిపోయాయి. అది వేరే కథ. నేను చెప్పేది కింద ఉన్న నేల గురించి. అక్కడ రాకెట్ కేంద్రం రాకముందు ఆ అడవిలో బతికింది యానాదులు. వాళ్ళను ఖాళీ చేయించి కట్టిన చోటు అది. దారీతెన్నూ చూపే ఉపగ్రహాలు ఎగిరిన నేల మీది మనుషులకే దారి లేకుండా పోయింది. వాళ్ళ పిల్లల్లో ఎంతమందికి ఆ కేంద్రంలో ఉద్యోగాలు వచ్చాయో నెల్లూరు మిత్రులు ఎవరైనా ఆర్టీఐ వేసి అడగండి.

సరే, లారీ దగ్గరికి వద్దాం.

మా పెదనాన్న కొడుకు విజయవాడ నుంచి కలకత్తా లోడు కొడతాడు. ఓనర్ పేరు అనవసరం. అన్న ఓసారి తుని దాటాక కడుపునొప్పితో బండి పక్కకి ఆపాడు. పదకొండో నిమిషంలో ఫోను. "బండి ఎందుకు ఆగింది?" చెప్పాడు. మళ్ళీ పది నిమిషాలకు ఇంకో ఫోను. అదే బండి కలకత్తాలో గోడౌన్ గేటు ముందు లైన్లో రెండు రోజులు ఆగింది. లైను పది అడుగులు కదిలినప్పుడల్లా తనూ బండి కదపాలి, నిద్రపోతే వెనకవాడు ముందుకు దూరతాడు. ఆ రెండు రోజుల్లో ఒక్క ఫోను రాలేదు. నెలాఖరున ట్రిప్ రిపోర్టులో ఆ రెండు రోజులూ "రెస్ట్" అని పడ్డాయి. ఇంజను ఆఫ్ అయితే మిషను దృష్టిలో అది విశ్రాంతి. బత్తా కూడా ఆ లెక్కనే కోశారు.

ఇప్పుడు అదే ట్రిప్ రిపోర్టును ఇంకో వైపు నుంచి చదువు. ఇంజను ఉదయం నాలుగున్నరకి ఆన్, రాత్రి పదిన్నరకి ఆఫ్. మధ్యలో ఆగింది మొత్తం కలిపి రెండు గంటలు. అంటే మనిషి పదహారు గంటలు స్టీరింగ్ పట్టుకున్నాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 13వ సెక్షన్ ఏం చెప్పింది? రోజుకి 8 గంటలు, వారానికి 48. దూరపు రూట్లలో, అదీ అనుమతితో, 10 గంటలు, 54 గంటలు. ఐదుగురి కంటే తక్కువ మంది ఉన్న సంస్థకి ఆ చట్టం వర్తించదని ఓనర్లు తప్పించుకునేవాళ్ళు. బండ్లు భార్య పేరున ఒకటి, బావమరిది పేరున ఒకటి రాయించుకుంటారు. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ ఆ సందు మూసేసింది. రవాణా వాహనం నడిపే ఎవరికైనా పనిగంటలు అవే. 2020 లేబర్ కోడ్‌లో ఆ 1961 చట్టాన్ని కలిపేసినా, రోజుకి ఎనిమిది గంటలన్న సూత్రాన్ని కోడ్ కూడా కాదనలేదు. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీ కార్మికులకు వారానికి 48 గంటలు చట్టమైంది. ఎనభై ఏళ్ళవుతోంది. లారీ క్యాబిన్‌లోకి ఆ గంటలు ఇంకా ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదు? ఇంతకుముందు ఒక సాకు ఉండేది. రోడ్డు మీద ఎవరు ఎన్ని గంటలు తోలాడో ఎవడికి తెలుసు, లెక్క ఎక్కడుంది అని. ఇప్పుడు లెక్క ఉంది. సెకనుతో సహా ఉంది. చట్టం ఉల్లంఘించినట్టు తన సర్వర్‌లో తానే ప్రతిరోజూ సాక్ష్యం రాసుకుంటున్న యజమాని చరిత్రలో ఇంకెవడైనా ఉన్నాడా? ఆ సాక్ష్యం అడిగిన లేబర్ ఆఫీసర్ ఒక్కడంటే ఒక్కడి గురించి నేను వినలేదు. డ్రైవర్ 85 స్పీడులో పోతే అలారం మోగుతుంది. డ్రైవర్ పద్నాలుగో గంటలోకి అడుగుపెడితే మోగదు. అలారం పెట్టడం చేతకాక కాదు. రెండింటికీ కావాల్సిన డేటా ఒక్కటే, ఆ డబ్బాలోనే ఉంది.

ఇదంతా కుదరదు, మన దేశం వేరు అంటావేమో. యూరప్‌లో లారీల్లో టాకోగ్రాఫ్ అని ఒక మిషను ఉంటుంది. 2019 జూన్ నుంచి అక్కడ కొత్త లారీలకు వచ్చిన టాకోగ్రాఫ్‌లో ఉపగ్రహ సిగ్నల్ కూడా కలిసింది. డ్రైవర్ దగ్గర తన పేరు మీద ఒక కార్డు ఉంటుంది. బండి మారినా, ఓనర్ మారినా కార్డు అతనిదే. నాలుగున్నర గంటలు తోలితే 45 నిమిషాలు ఆగాల్సిందే. రోజుకి 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా. రోడ్డు మీద తనిఖీ అధికారి ఆ కార్డు చూస్తాడు. గంటలు దాటితే కంపెనీ కూడా జవాబు చెప్పాలి. అక్కడి యజమానులు మంచోళ్ళని కాదు, అక్కడా దొంగ కార్డులు దొరుకుతూనే ఉంటాయి. కానీ చట్టం ఆ డబ్బాను ఏ ప్రశ్న అడగమంది అనేది చూడు.

మన చట్టం ఏం అడిగింది? 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. పేరులో రక్షణ ఉంది కదా అని 7వ సెక్షన్ దాకా చదివితే తెలుస్తుంది. ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం, పనిచేసేవాడి సమ్మతి లేకుండానే అతని డేటా వాడుకోవచ్చు. రక్షణ ఎవరికో సెక్షనే చెప్పేసింది. ఇక ప్రమాదం జరిగి డ్రైవర్ జైల్లో పడ్డాడనుకో. అలసిపోయిన సంగతి కోర్టులో చెప్పాలంటే ఆ లాగ్ కావాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలని కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్. ఆ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది సర్వర్ ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళే. గుద్ది పారిపోతే పదేళ్ళు అన్న నిబంధన మీద 2024 జనవరిలో డ్రైవర్లు బండ్లు ఆపేస్తే హైదరాబాద్ బంకుల ముందు మీరంతా లైన్లో నిలబడ్డారు, గుర్తుందా? అందరూ పెట్రోలు గురించే మాట్లాడారు. గుద్దే ముందు ఆ మనిషి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడని ఒక్క టీవీ చానల్ చర్చ పెట్టలేదు.

ఇప్పుడు అసలు కథ, మన ఆంధ్రాలో జరిగింది.

2021 జనవరిలో విజయవాడలో జెండా ఊపారు. ఇంటింటికీ రేషన్ ఇచ్చే ఎండీయూ బండ్లు, మొత్తం 9,260. బీసీలకు 3,800, ఎస్సీలకు 2,300, ఎస్టీలకు 700, మైనారిటీలకు 660, ఈబీసీలకు 1,800. మన కుర్రాళ్ళకు సబ్సిడీ మీద బండి, మీరే ఓనర్లు అన్నారు. ప్రతి బండికీ జీపీఎస్. బండి ఏ వీధిలో ఉందో ఆఫీసులో కూర్చుని చూసుకోవచ్చు. నెలకి మొదట 16,000 అన్నారు. అందులోనే హమాలీ కూలి, అందులోనే పెట్రోలు. చాలక కుర్రాళ్ళు బండ్లు తిరిగి అప్పగించడం మొదలుపెడితే 21,000 చేశారు. బండికి 13,000, హమాలీకి 5,000, పెట్రోలుకి 3,000. నెలంతా బస్తాలు మోసే హమాలీకి 5,000! పైగా ఆ హమాలీని వెతికి తెచ్చుకోవాల్సింది కూడా "ఓనరే". వీళ్ళను నేను ఓనర్లు అనను. బండి అప్పు తన పేరున, జీపీఎస్ సర్కారు పేరున ఉన్నవాడు ఓనర్ ఎలా అవుతాడు?

2025 జూన్ 1 నుంచి ఆ బండ్లు రద్దు. చెప్పిన కారణాల్లో ఒకటి, బియ్యం దారి మళ్ళుతున్నాయని. మళ్ళాయా? మళ్ళే ఉంటాయి. తొమ్మిది వేల మందిలో అందరూ హరిశ్చంద్రులని నేను వాదించను. కానీ నా ప్రశ్న చాలా చిన్నది. ప్రతి బండికీ జీపీఎస్ ఉంది కదా! నాలుగేళ్ళ పాటు ఏ బండి ఏ మిల్లు ముందు ఆగిందో మీ దగ్గర మ్యాపు ఉంది కదా! ఆ మ్యాపు బయటపెట్టండి. బండి ఆగిన చోట గేటు మీద ఎవరి పేరుందో చదవండి. 2024 నవంబరు ఆఖర్లో ఉప ముఖ్యమంత్రి కాకినాడ పోర్టుకి పోయి ఓడను సీజ్ చేయమన్నప్పుడు రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. ఆ ఓడలో రేషన్ బియ్యం ఉన్నాయని అధికారులే చెప్పారు. 300 టన్నులు దాటిన అంతర్జాతీయ ఓడకి తన ఉనికిని చెప్పే పరికరం తప్పనిసరి. అంటే ఇటు చివర వీధిలో చిన్న బండి కనిపిస్తుంది, అటు చివర సముద్రంలో ఓడ కనిపిస్తుంది. మధ్యలో బియ్యం కొన్నవాడు, పాలిష్ పట్టినవాడు, కొత్త సంచిలో కట్టినవాడు మాత్రం ఏ తెర మీదా కనపడడు. రద్దు జీవో మాత్రం చిన్న బండి మీదే పడింది. బండ్లు వాళ్ళకే వదిలేస్తామన్నారు. ఆ బండికి రేపటి నుంచి లోడు ఎవరిస్తారు?

మునిసిపాలిటీల సంగతి క్లుప్తంగా. చెత్త బండికి జీపీఎస్ పెట్టడంతో ఆగలేదు. నాగ్‌పూర్‌లో, చండీగఢ్‌లో పారిశుద్ధ్య కార్మికుల చేతికే జీపీఎస్ వాచీలు కట్టారు. బండిని చూసినట్టే మనిషినీ చూశారు. బాత్రూంకి పోవాలన్నా భయంగా ఉందని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఇదే దేశంలో 2019 నుంచి 2023 దాకా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. నమస్తే పథకం కింద లెక్క తీసిన దాదాపు 38,000 మందిలో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఊడ్చే చెయ్యి ఏ సందులో ఉందో సెకనుకి సెకను తెలిసిన వ్యవస్థకి, మనిషి మ్యాన్‌హోల్‌లో దిగిన సంగతి శవం పైకి వచ్చాకగాని తెలియదా?

జీపీఎస్ పీకేయమని నేను అనడం లేదు. దొంగలు ఎత్తుకుపోయిన బండిని జీపీఎస్‌తో దొరకబుచ్చుకున్న మన ఓనర్ కమ్ డ్రైవర్లు నాకు తెలుసు. వాళ్ళ సిమ్ వాళ్ళ పేరునే ఉంది, అందుకే అది వాళ్ళకు పనికొచ్చింది. డబ్బా ఉండనీ. లాగ్ డ్రైవర్ ఫోన్‌కి కూడా రావాలి. గోడౌన్ గేటు ముందు ఆగిన గంటలు పని గంటలుగా పడాలి. పది గంటలు దాటితే ఓనర్‌కీ లేబర్ ఆఫీసుకీ ఒకేసారి అలారం మోగాలి.

ఇది జీవోలో వచ్చేదాకా ఊరికే కూర్చోకండి. డ్రైవర్ అన్న జేబులో స్మార్ట్‌ఫోను ఉంది, అందులోనూ అదే జీపీఎస్ ఉంది. మ్యాప్స్‌లో టైమ్‌లైన్ ఆన్ చేసి, రోజూ రాత్రి స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్ళకి పంపడం నేర్పండి. లోడింగ్ చీటీ, టోల్ రసీదు పారేయొద్దని చెప్పండి. లా చదివే పిల్లలు మీ మునిసిపాలిటీ చెత్త బండ్ల జీపీఎస్ టెండరు కాపీ ఆర్టీఐలో అడగండి. డేటా ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎవరు చూస్తారు, ఆ లెక్కన ఎవరి జీతం ఎంత కోశారు, మూడు ప్రశ్నలు చాలు. బీటెక్ తమ్ముడూ, నీకు వేరే పని. పద్నాలుగో గంట అలారం యాప్ నువ్వు రాయి, నడిపి చూడటానికి మా అన్న బండి ఉంది.

హమాలీల భాగం వచ్చే ఆదివారం.

జై భీమ్.