జీరో టికెట్ కొట్టే చేతికి విలువ ఏది?

2025 జూలైలో తెలంగాణ అంతటా బస్టాండ్లలో పండుగ చేశారు. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లు చేసిన ఉచిత ప్రయాణాలు 200 కోట్లకు చేరాయని, వాళ్లకు మిగిలిన చార్జీలు 6,600 కోట్ల రూపాయలు దాటాయని ప్రకటించారు. అందులో అబద్ధం లేదు. ఆ 200 కోట్లలో నా ప్రయాణాలున్నాయి, మా అమ్మవి ఉన్నాయి, మా వాడకట్టు నుంచి పత్తి ఏరడానికి పోయే అక్కచెల్లెళ్లవి ఉన్నాయి. అయితే ఒక్కో ప్రయాణానికి ఒక్కో జీరో టికెట్ ఉంటుంది. అది దానంతట అది రాదు. ఎవరో ఒకరు ఆధార్ కార్డు చూసి, ఎక్కడ దిగుతారో అడిగి, మిషన్ నొక్కి, కాగితం చింపి చేతికివ్వాలి. అలా 200 కోట్ల సార్లు ఇచ్చారు. ఇచ్చిన ఆ చేతులకు ఈ ఘనతలో దక్కిన వాటా ఏమిటని అడగడానికే ఈ రాత.

మా కట్టంగూర్ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ ఉంటుంది. మా దగ్గర బస్సు బయలుదేరదు, వస్తుంది. సూర్యాపేట దిక్కు నుంచి వచ్చేది నకిరేకల్‌లోనే నిండిపోయి వస్తుంది. పొద్దున కాలేజీల వేళకు మా స్టేజీ దగ్గర నిలబడి చూడండి. నల్లగొండలో చదువుకునే పిల్లలు, మందుల చీటీలూ ఎక్స్‌రే కవర్లూ పట్టుకుని కామినేని ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, కలెక్టరేట్‌లో పని పడ్డవాళ్లు, పట్నంలో కూలికి పోయేవాళ్లు, అందరి కళ్లూ ఆ ఒక్క బస్సు మీదే. బస్సు ఆగితే ఎక్కే జాగా ఉండదు. ఆగకపోతే డ్రైవర్‌కు తిట్లు.

ఈ మధ్య ఒక పొద్దున నేనెక్కిన బస్సులో కండక్టర్ నలభై దాటిన ఆడమనిషి. తన సీటు ఒక నిండు చూలాలికి ఇచ్చేసింది. ఒక మోచేయి సీటు కడ్డీకి మెలేసి, ఆ చేతిలోనే మిషన్ పట్టుకుని, రెండో చేత్తో కార్డులు అందుకుంటూ, టికెట్లు చింపుతూ మనుషుల మధ్యలోంచి అంగుళం అంగుళం జరుగుతోంది. మధ్యలో మిషన్‌లో కాగితం అయిపోయింది. కొత్త చుట్ట ఎక్కించేసరికి బస్సు అప్పటికే చాలా దూరం పోయింది. "లోపలికి జరుగుండ్రమ్మా, ఫుట్‌బోర్డు మీద నిలబడకుండ్రి" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఒక ముసలవ్వ కొంగు ముడి విప్పి చూసుకుని, "ఆధార్ ఇంట్ల మర్సిపోయిన బిడ్డా" అంది. కార్డు లేకుంటే చార్జీ తీసుకోవాలి, అది నిబంధన. "అట్లయితే టికెట్ తీసుకోవాలె అవ్వా, నా చేతిల లేదు" అని కండక్టర్ మెల్లగానే చెప్పింది. వెనక నుంచి ఒకాయన లేచాడు. "ఫ్రీ ఇచ్చేది సర్కారు, నీ సొమ్మేం పోతదే?" అన్నాడు. అవ్వ చార్జీ వెనక సీట్లో ఉన్న కాలేజీ పిల్ల ఇచ్చింది. ఆ మాట మాత్రం కండక్టర్‌కే మిగిలింది. జవాబిచ్చే తీరిక కూడా ఆమెకు లేదు. నార్కట్‌పల్లి వచ్చేలోగా ఇంకా సగం బస్సుకు టికెట్లు కొట్టాలి.

నిజానికి ఆయన అన్నది తప్పు. నిబంధన ప్రకారం జీరో టికెట్ కొట్టకపోతే పోయేది ఆమె సొమ్మే, ఇంకా చెప్పాలంటే ఆమె ఉద్యోగమే. ప్రభుత్వం ఆర్టీసీకి కట్టే సొమ్ముకు ఆ జీరో టికెట్టే లెక్క. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు ఒక్క ఆడమనిషి చేతిలో ఆ కాగితం లేకపోయినా, ఆమెకు 500 రూపాయల జరిమానా, కండక్టర్‌కు సంజాయిషీ. ఉచితం కదా, టికెట్ ఎందుకని విసుక్కునే మనకు ఈ సంగతి తెలియదు. పథకానికి ముందు ఇంటిల్లిపాదికీ కలిపి ఒక టికెట్ కొట్టిన చోట, ఇప్పుడు ప్రతి ఆడమనిషికీ విడిగా కొట్టాలి, ప్రతి కార్డూ చూడాలి. పని పెరిగింది. చేసే చేయి మాత్రం ఒక్కటే.

ఈ ఒంటి చేయి కథ 2019 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేల మంది ఉద్యోగులు. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని ప్రాణం తీసుకున్నాడు. చివరికి అడిగింది దక్కకుండానే డ్యూటీలకు ఎక్కారు. ఊపిరి పీల్చుకునేలోపే కోవిడ్ వచ్చింది. 2020 మార్చిలో ఆగిన జిల్లా బస్సులు మే 19న కదిలాయి, హైదరాబాద్ సిటీ బస్సులు సెప్టెంబర్ చివరి దాకా కదల్లేదు. మళ్లీ 2021 మేలో రెండో లాక్‌డౌన్. మూతికి గుడ్డ కట్టుకుని, ఊరు పేరు తెలియని మనిషి చేతిలోంచి నోటు అందుకుని, మళ్లీ అదే చేత్తో చిల్లర తిరిగిచ్చిన ఉద్యోగం అది. ఎంతో మంది ఆ రోగం ఇంటికి తీసుకుపోయారు, కొందరు తిరిగి డిపోకు రాలేదు.

సమ్మె అయ్యాక ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి 60కి పెంచారు. ఆ రెండేళ్లూ గడిచాక దిగిపోయేవాళ్లు వరసగా దిగిపోతూనే ఉన్నారు, కొత్తవాళ్లు రాలేదు. 2023లో ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు శాసనసభ ముందుకు వచ్చేనాటికి సంస్థలో మిగిలింది 43,373 మంది. బిల్లు ఆమోదం పొందింది, గవర్నర్ సంతకమూ అయింది. ప్రభుత్వ ఉద్యోగి అన్న హోదా మాత్రం బస్సు మెట్టు ఎక్కలేదు. అదే ఏడాది డిసెంబర్ 9న మహాలక్ష్మి మొదలైంది. అంటే సిబ్బంది బాగా తగ్గిపోయిన రోజుల్లోనే బస్సెక్కే జనం బాగా పెరిగారు.

ఉచిత బస్సు వద్దని నేననను. ఆ మాట అనే వాళ్లతో నాకు పొత్తు లేదు. చార్జీ లేక డిగ్రీ మధ్యలో మానేసిన ఆడపిల్లల్ని మా ఊళ్లో చూశాను. ఆసుపత్రికి పోవాలంటే మొగుడి ముందు చేయి చాచి నిలబడ్డ తల్లుల్ని చూశాను. ఆ చేయి ఇప్పుడు చాచాల్సిన పని లేదు. అది చిన్న సంగతి కాదు. కానీ ఆడవాళ్లకు మేలు చేసే పథకం భారమంతా మరో ఆడమనిషి నడుము మీద, ఆమె గొంతు మీద మోపి, దాన్ని లెక్కలోకే రానీయకపోతే అది న్యాయం ఎట్లా అవుతుంది?

సిబ్బంది లెక్క పాటించే చోట్లూ ఉన్నాయి. విమానంలో ప్రతి 50 సీట్లకు ఒక క్యాబిన్ ఉద్యోగి ఉండి తీరాలి. ఒక్కరు తగ్గినా ఎగరనివ్వరు. సముద్రం మీద పోయే ఓడకు, అది విహార నౌకైనా సరుకుల ఓడైనా, కనీసం ఇంతమంది ఉంటేనే రేవు దాటాలని రాతపూర్వకమైన పత్రం ఉంటుంది. కోవిడ్ తర్వాత 2022 వేసవిలో జనం ఒక్కసారిగా ప్రయాణాలు మొదలుపెడితే, లండన్ హీత్రో విమానాశ్రయం సరిపడా మనుషులు లేరని చెప్పి రోజుకు లక్ష మందికి మించి బయల్దేరనివ్వమని పరిమితి పెట్టింది. విమానాలకే చెల్లిన ఆ మాట మా పల్లెవెలుగు కండక్టర్ అనగలదా? యాభై చిల్లర సీట్ల బస్సులో వంద మంది ఎక్కితే "ఇక చాలు" అనే హక్కు ఆమెకు ఉందా? అన్న మరుక్షణం ఎవరో ఫోన్ తీసి వీడియో పడతారు, సాయంత్రానికి ఆమె ఊరంతటికీ దోషి.

రద్దీ అంటే కాళ్లు తొక్కుకోవడం ఒక్కటే కాదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ మీద బోల్తాపడిన బస్సులో వంద మంది దాకా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు, డ్రైవర్ కూడా మిగల్లేదు. ఆ డ్రైవర్‌కు అంతకు నెల కిందటే, ఆగస్టు 15న, డీజిల్ పొదుపు చేశాడని సన్మానం జరిగింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిపాడో లెక్క ఉంది, కిలోమీటరుకు ఎంత రాబడి తెచ్చాడో లెక్క ఉంది. ఎంతమంది బరువుతో, ఎన్ని గంటల నిద్ర మీద నడిపాడన్న లెక్కకు సన్మానపత్రంలో చోటు లేదు. కోవిడ్‌కు ముందే అట్లా ఉంటే, ఇప్పుడు జాతర రోజుల్లో, సంక్రాంతి వారంలో మా రోడ్డు మీద బస్సులు చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు, చెరువుగట్టు జాతరకు స్పెషల్ బస్సులు వేస్తారు. స్పెషల్ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? ఉన్నవాళ్లే డబుల్ డ్యూటీ చేస్తారు.

2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది. ఏ డిపో గేటు దగ్గరైనా నిలబడి, డ్యూటీ దిగి పోతున్న వాళ్లను అడగండి. ట్రాఫిక్‌లో ఆలస్యమైన గంట, బస్సు చెడిపోయిన గంట, పైసలు అప్పజెప్పే గంట ఎవరి ఖాతాలో పడతాయో చెబుతారు. ఆడ కండక్టర్లను అడిగితే ఇంకో సంగతి కూడా చెబుతారు, అదీ గట్టిగా అడిగితేనే. డ్యూటీ ఎక్కే ముందు నీళ్లు తాగరు. దారిలో ఆగే స్టేజీల్లో పోవడానికి చోటు ఉండదు, ఉన్నా బస్సు నిండా జనం చూస్తుండగా దిగిపోలేరు. నెలసరి రోజుల్లో కూడా అదే నిలబాటు. చివరి ట్రిప్పు డిపోకు చేరేసరికి రాత్రి పదో పదకొండో అవుతుంది. అక్కడి నుంచి ఇంటికి పోవడానికి ఆమెకే బస్సు దొరకదు.

సంస్థ అప్పుల్లో ఉందని అంటారు. నిజమే, అప్పులున్నాయి. అయితే ఆ అప్పుకు వడ్డీ ఇన్నాళ్లూ ఉద్యోగులే కడుతున్నారు. 2017లో రావాల్సిన వేతన సవరణ 21 శాతం ఫిట్‌మెంట్‌తో 2024లో ప్రకటించారు. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో నూనె ధర ఆగలేదు, పిల్లల ఫీజు ఆగలేదు. కొత్త ఉద్యోగాలు ఇస్తున్నాం కదా అని కూడా అంటారు. 2024లో 3,035 పోస్టులకు అనుమతి ఇచ్చారు, 2025 సెప్టెంబర్‌లో వెయ్యి డ్రైవర్, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రావాల్సిందే, సంతోషమే. కానీ ఆ 3,035లో కండక్టర్ పోస్టు ఒక్కటి చూపించండి. జనం రద్దీ మొత్తం ఎవరి భుజాల మీద నడుస్తోందో ఆ ఉద్యోగమే పట్టికలో లేదు. చనిపోయిన ఉద్యోగుల పిల్లలను కారుణ్య నియామకం కింద కండక్టర్లుగా తీసుకున్నారు, అదీ ఏకమొత్తం జీతం మీద. తండ్రి ఖాళీ చేసిన చోట కొడుకు నిలబడితే అది భర్తీ అవుతుంది, పెంపు కాదు. ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయంటారు. వాటిలో డ్రైవర్ కంపెనీ మనిషి, టికెట్ కొట్టేది మళ్లీ ఆర్టీసీ కండక్టరే. బస్సు కరెంటుతో నడిచినా జీరో టికెట్ చేత్తోనే చింపాలి.

కాబట్టి మా అడుగుడు ఇది. కండక్టర్ పోస్టులకు రెగ్యులర్ నోటిఫికేషన్ ఇవ్వండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మా లాంటి రోడ్డు పక్క మండలాలకు, నిండి వచ్చే బస్సు కాకుండా, మా దగ్గరే బయలుదేరే బస్సు ఒకటి వెయ్యండి. మహాలక్ష్మి కింద ప్రభుత్వం చెల్లించే సొమ్ములో ఇంత భాగం సిబ్బంది బకాయిలకు, అదనపు గంటలకు అని తేల్చి రాయండి. ప్రతి బస్టాండులో, పెద్ద స్టేజీల్లో ఆడ సిబ్బందికి తాళం ఉన్న మరుగుదొడ్డి కట్టండి. 2023లో శాసనసభలో మీరంతా ఆమోదించిన విలీన చట్టాన్ని అమలు చెయ్యండి. ఇందులో ఒక్కటి కూడా గొంతెమ్మ కోరిక కాదు.

మనకూ ఒక మాట. కార్డు ముందే చేతిలో పట్టుకుని ఎక్కుదాం. జీరో టికెట్ అడిగి తీసుకుందాం. ఎవరైనా కండక్టర్ మీదికి నోరు లేపితే, నేను ఆ రోజు విన్నట్టు అందరం విని ఊరుకోవద్దు, ఆపుదాం. బస్సు ఆగలేదని రాయి తీసే ముందు లోపల ఎంతమంది ఉన్నారో చూద్దాం. డ్రైవరన్నకు, కండక్టరక్కకు మనం బాకీ ఉన్నవి మూడు: తోడు మనుషులు, న్యాయమైన జీతం, మర్యాద. మొదటి రెండూ సర్కారు తీర్చాలి, తీర్చేదాకా అడుగుతూనే ఉంటాం. మూడోది తీర్చడానికి జీవో అక్కర్లేదు, రేపు పొద్దున బస్సెక్కగానే మనమే మొదలుపెట్టొచ్చు.