శూన్యఫలమును గూర్చి యొక మాట

2014వ సంవత్సరము జనవరి 21వ తేదీ సాయంకాలమున లండను విశ్వవిద్యాలయపు వేధశాలలో స్టీవ్ ఫోసీ యను నుపాధ్యాయుడు నలుగురు విద్యార్థులకు దూరదర్శినిని నడుపుట నేర్పుచుండెను. మబ్బులు క్రమ్ముకొని వచ్చుచుండుటచే తొందరపడి దానిని ఎం82 అను గెలాక్సీ వైపు త్రిప్పగా, అందు మునుపు లేని చుక్క యొకటి కానవచ్చెను. సుమారు 1 కోటి 20 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నొక నక్షత్రము పేలిన వెలుగది, సూపర్నోవా.

పత్రికల కింతమాత్రము చాలును. నాకు ముచ్చటైనది తరువాతి కథ. ఇట్టి విస్ఫోటనమునందు పేలునది శ్వేతకుబ్జతార. దాని ప్రక్కనుండి ద్రవ్యమును ధారపోసినది ఏది? ఎఱ్ఱని మహాతార యైనచో చుట్టును వాయువు వ్యాపించి యుండును; ఎగజిమ్మబడిన ద్రవ్యము దానిని తాకినప్పుడు రేడియో తరంగములు పుట్టవలెను. అట్టివి హెచ్చి తగ్గిపోవునవి గావున తడవు చేసినవారికి దక్కవు.

పూర్వము దూరదేశములందలి రేడియో దూరదర్శినులను జతపరుపవలెనన్న, ప్రతిదాని సంకేతమును టేపులపై నెక్కించి పార్సెలుగా నొకచోటికి పంపుచుండిరి. ఫలము తెలియుటకు వారములు పట్టెడిది. 2004 మొదలు ఐరోపాలోని దూరదర్శినులు గాజు తంతువుల ద్వారా నెదర్లాండ్సులోని డ్వింగెలోకు సంకేతములను అప్పటికప్పుడే పంప నేర్చినవి. అచటి యంత్రము పరమాణు గడియారముల కాలముతో వానిని సరిచూచి కలుపగా, వేలమైళ్ల వెడల్పు గల యొకే దూరదర్శినితో చూచినంత సూక్ష్మత లభించును. 2007లో ఎన్.జి.సి. 1058లోని సూపర్నోవాను ఇట్లే సెప్టెంబరులో కనుగొని, నవంబరులో అమెరికాలోని గ్రీన్ బ్యాంకు దూరదర్శినిని గూడ చేర్చుకొని మరల చూచిరి.

2014లోను బ్రిటనులోని ఇ-మెర్లిన్, ఐరోపా దూరదర్శినుల జాలము ఎం82ను వెదకినవి. ఏమియు దొరకలేదు!

"ఇంత వ్యయమునకు ఫలమిదియా?" యని యడుగువారు గలరు. నే నొప్పుకొనను. ఎఱ్ఱ మహాతార తోడుగా నుండలేదని తెలిపినది ఆ శూన్యమే. రెండు శ్వేతకుబ్జములు కలిసి పేలినవను పక్షమునకు దానివలననే బలము కలిగెను. వాదము పూర్తిగా తీరినదని యనను. కాని యేండ్లు గడచిన పిదప చూచి ఏమియు లేదన్నచో అది యింతటి సాక్ష్యము కాజాలదు గదా! తగిన వేళకు చూచినందుననే దానికి విలువ.

మన ప్రయోగశాలలో "ఫలము కానరాలేదు" అని వ్రాయుటకు సిగ్గుపడి ప్రక్కవాని యంకెలను దించుకొనువారు గలరు. నేనును ఒకమారు దించుకొంటిని. ఆ శాస్త్రజ్ఞులో, తాము వెదకిన దినములను, తమ సాధనములు పట్టగలిగిన కనీస బలమును అంకెలతో సహా 2014లోనే ప్రకటించిరి.