వడ్లకున్న తేమ లెక్క ఇంటి నేలకు లేదు

మా కొడవలూరు ప్రాంతంలో తేమను కొలవడం ఎవరికీ క్రొత్త విద్య కాదు. కళ్ళంలో గింజను పంటి కింద వేసి చూసి, అమ్మకానికి పదునో కాదో చెప్పగల రైతులు ఇప్పటికీ ఉన్నారు. కొనుగోలు కేంద్రంలో ఆ మాట యంత్రం చెబుతుంది. 17 శాతం హద్దు. అది దాటితే మళ్ళీ ఆరబోయాలి, లేదా తరుగుకు ఒప్పుకోవాలి. అయితే అదే రైతు పదేళ్ళ పంట డబ్బు కూడబెట్టి ఇల్లు కట్టుకున్నప్పుడు, ఆ ఇంటి నేలలో తేమ ఎంతో అడిగేవాడు లేడు, కొలిచేవాడు లేడు. ఇది పొరపాటు మాత్రమే కాదు, అన్యాయం కూడానని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట సంగతి. కంటికి కనిపించేది తడి, చేతికి తగిలేది చెమ్మ, దుక్కికి సరిపడేది పదును, శాతాలలో చెప్పేది తేమ. ఇన్ని మాటలున్న మనం సిమెంటు నేల దగ్గరికి వచ్చేసరికి "ఆరింది" అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. కాంక్రీటు గట్టిపడడం వేరు, ఆరడం వేరు. సిమెంటు నీటిని తనలో కలుపుకొని గట్టిపడుతుంది. అందుకే కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలని మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. 28 రోజులకు లెక్క ప్రకారం బలం వస్తుంది. కాని అసలు ఆరడం మొదలయ్యేది నీళ్ళు కొట్టడం మానిన తరువాతనే. అంగుళం మందానికి నెల అన్నది పనివాళ్ళు వాడే మోటు లెక్క. అంటే నాలుగంగుళాల నేలకు నాలుగు నెలలు. అదీ గాలి పొడిగా ఉంటే. నెల్లూరు జిల్లాకు వానలు ముఖ్యంగా ఈశాన్య ఋతుపవనాల వల్ల, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. భాద్రపదంలో వేసిన నేల సంక్రాంతికి ఆరిందని నమ్మడానికి ఆధారం ఏమిటి?

రెండవది, క్రింది నుంచి వచ్చే నీరు. 1855లో నెల్లూరు ఆనకట్ట కట్టిన నాటి నుంచీ ఈ పెన్నా డెల్టా కాలువల మీద బ్రతుకుతోంది. చుట్టూ వరి మళ్ళలో నీరు నిలిచి ఉండగా మధ్యనున్న ఊరి నేల పొడిగా ఉండదు. బంకమట్టిలోని సన్నని రంధ్రాలు, దీపపు వత్తి నూనెను లాగినట్లు, నీటిని పైకి లాగుతాయి. ఇసుక లేని పెద్ద కంకరకు ఆ శక్తి దాదాపు లేదు. కనుక నేల వేసే ముందు కంకర పొర, దానిపై చిరుగులు లేని మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిస్తే చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు. నేల వేశాక మాత్రం ఎంత డబ్బు పోసినా ఆ పట్టాను క్రిందికి దూర్చలేము. ఉప్పునీటి వాసన ఉన్న ఊళ్ళలో ఇంకొక చిక్కు కూడా ఉంది. నీటితో పైకి వచ్చిన ఉప్పు గోడ అడుగున తెల్లగా పూస్తుంది, గాలిలోని తేమను కూడా తనవైపు లాక్కుంటుంది.

మన పెద్దల ఇళ్ళలో చెమ్మ లేదని నేననను. పేడతో అలికిన మట్టి నేల, సున్నపు గచ్చు చెమ్మను పైకి పోనిచ్చేవి. ఇప్పటి విట్రిఫైడ్ పలకలు తమ బరువులో అర శాతం నీటిని కూడా పీల్చవు. దారి మూసుకుపోయిన చెమ్మ గోడ మొదలుకీ ద్వారబంధాలకీ చేరుతుంది. అటువంటి నేల మీద వినైల్ పట్టాలు, చెక్క పలకలు అంటిస్తే జిగురు వదులుతుంది, చెక్క ఉబ్బి లేస్తుంది.

చెక్క తేమను కూడా శాతాలలోనే చెబుతారు గాని లెక్క వేరు. 17 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లలో 17 కిలోల నీరుంటుంది. మా 850 కిలోల పుట్టిలోనైతే 144 కిలోల పైమాటే. చెక్కకు మాత్రం పూర్తిగా ఎండిన బరువు మీద లెక్క కడతారు. పైగా చెక్క తేమ చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట చెక్కలో సుమారు 9, 80 ఉన్నచోట సుమారు 16. అందుకే ఐ.ఎస్. 287 దేశాన్ని గాలి తేమను బట్టి మండలాలుగా విడదీసి, చెక్కకు వేరువేరు హద్దులు పెట్టింది. కార్తీకంలో తలుపు పట్టేసిందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. వైశాఖంలో ఆ తలుపే సందు చూపిస్తుంది. తప్పు వడ్రంగిది కాదు, కొలవకుండా కోయించిన మనది.

కొలవడం కష్టమా? కాదు. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ ముక్కను నేల మీద పరచి, నాలుగంచులా టేపు అంటించి, కనీసం 16 గంటలు ఉంచండి. అడుగువైపు చెమర్చితే తేమ నేలలోంచి వస్తున్నట్లు. పైవైపు చెమర్చితే అది గాలిలోంచి చల్లని నేల మీద చేరిన నీరు. ఇది హెచ్చరిక మాత్రమే, అడుగు పొడిగా ఉన్నంత మాత్రాన లోపల తేమ లేదని కాదు. అంకె కావాలంటే నేల మందంలో 40 శాతం లోతుకు రంధ్రం వేసి, గొట్టం దించి, మూసి, ఒక రోజు తరువాత లోపలి గాలి తేమను కొలవాలి. పైన పరచే సరుకును బట్టి హద్దు సాధారణంగా 75 నుంచి 85 శాతం మధ్య ఉంటుంది. చెక్కకు వాడే రెండు సూదుల మీటరును కాంక్రీటుకు గుచ్చి నమ్మడం మంచిది కాదు. ఉప్పు ఉంటే అది అబద్ధం చెబుతుంది.

2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ వరదలో కోవూరు వైపు ఇళ్ళలోకీ నీళ్ళు వచ్చాయి. అటువంటి వరద తీశాక గోడలకు రంగు వేయించే తొందరే అందరికీ. పైపొర పొడిగా కనిపించినా లోపలి తడికి నెలలు కావాలి.

ముహూర్తం మాటేమిటంటారా? గృహప్రవేశం వట్టి సిమెంటు నేల మీద చేసుకున్నా పాలు పొంగుతాయి. చెక్క నేల, వినైల్ నేల ఎండాకాలం వెళ్ళాక వేసుకోవచ్చు. కట్టేవాడితో వ్రాసుకొనే కాగితంలో ఒక్క వాక్యం చేర్చుకుంటే చాలు: "తేమ కొలిచి, అంకె చూపించి, ఆ తరువాతనే పై నేల."

వడ్లలో తేమ ఎక్కువైతే నష్టం రైతుదే. ఇంటి నేలలో తేమ ఎక్కువైనా నష్టం ఆ రైతుదే. అమ్మినప్పుడు వర్తించే కొలత కొన్నప్పుడు కూడా వర్తించాలని కోరడం అత్యాశ కాదు గదా!

మీ ఊళ్ళలో నేల చెమర్చడాన్ని, గోడకు ఉప్పు పూయడాన్ని ఏమంటారో తెలియజేయండి. మాటలు పోగైతే కొలతలు కూడా రావచ్చునని నా ఆశ.