పుష్పకం గోత్రం

నా ఆల్విన్ పుష్పక్ స్కూటరుకు గత మాసం క్లచ్ ప్లేట్లు అరిగిపోయినవి. వరంగల్ చౌరస్తాలో నేనెరిగిన దుకాణాలన్నీ తిరిగాను, లేవన్నారు. మనుమరాలు అంతర్జాలంలో వెతికింది. 'పుష్పక్' అంటే విమానాల బొమ్మలు చూపినది. 'పాత స్కూటరు' అని తెప్పిస్తే బజాజ్ చేతక్‌వి వచ్చినవి, పట్టలేదు.

మా మెకానిక్ నవ్వి, "సార్, ఆ పాత చేతక్‌ది వెస్పా ఖాందాన్, మీ బండిది లాంబ్రెట్టా. ఆ పేరు మీద చూడుండ్రి" అన్నాడు.

నిజమే. 1972లో లక్నోలో ఏర్పడిన స్కూటర్స్ ఇండియా సంస్థ, ఇటలీలోని ఇన్నోసెంటి వారి లాంబ్రెట్టా యంత్రసామగ్రిని కొని తెచ్చినది. మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ ఆ వంశంలోనిదే. గోత్రం చెప్పగానే ప్లేట్లు దొరికినవి.

అంతర్జాలం వల్ల అంగళ్ళు మూతపడుతున్నవని నిందించేవారున్నారు. నా ఫిర్యాదు అది కాదు. అది అడిగినదానికి బదులిస్తుంది. ఏమని అడగాలో మాత్రం చెప్పదు. అది చెప్పగలవాడు నూనె మరకల చేతులతో మన వీధి చివరనే ఉన్నాడు. ఆయన విద్య ఏ పుటలోనూ లేదు. దుకాణం మూసిననాడు దానితోపాటే పోతుంది.

ప్రబంధాలకు వ్యాఖ్యానాలు వ్రాసుకున్న జాతి మనది. మిత్రులారా, మీ ఊరి మెకానిక్ వద్ద ఒక పూట కూర్చోండి. ఏ బండికి ఏ బండి సామాను సరిపోతుందో అడిగి, ఆయన మాటల్లోనే తెలుగులో వ్రాసిపెట్టండి. నా వంతు మొదటి వాక్యం ఇది: పుష్పక్‌కు లాంబ్రెట్టా అని వెతకవలెను.