జీవామృతానికి బెల్లం సరే.. తేనెటీగలకు మాత్రం పంచదారే!

తేనెటీగల పెట్టెలకు పంచదార నీళ్లు పెట్టే వీడియో చూసి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నువ్వు ప్రకృతి వ్యవసాయం చేస్తావు కదా, మిల్లు పంచదార ఎందుకు? మందు లేని నల్లబెల్లం పెట్టొచ్చు కదా?" అని.

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. డిప్లొమాలో తేనెటీగల పెంపకం చదివాను, అయినా బెల్లం మీద నమ్మకం పోలేదు. పెట్టెలు తెచ్చిన మొదటి వానాకాలం బెల్లం నీళ్లే పోశాను. ముసురు పట్టి నాలుగు రోజులు ఈగలు బయటికి పోలేదు. ఐదో రోజు మూత తీస్తే చట్రాల నిండా గోధుమరంగు మరకలు, ఒకటే వాసన. ఒక పెట్టె పూర్తిగా పోయింది.

ఎందుకలా అయిందంటే, పూల మకరందంలో ఉండేది చాలావరకు నీళ్లు, చక్కెరలే. తేనెటీగ కడుపు దానికే అలవాటు పడింది. బెల్లంలో ఖనిజాలు, మడ్డి ఎక్కువ. మనకు బలం ఇచ్చేవే ఈగకు అరగవు. ఆరోగ్యంగా ఉన్న ఈగ పెట్టెలో మలవిసర్జన చేయదు, బయట ఎగురుతూ చేస్తుంది. వాన పడితే ఆపుకుంటుంది. అరగని తిండి పేరుకుంటే ఆపుకోలేక లోపలే పోతుంది. జీవామృతంలో 200 లీటర్ల నీళ్లకు 2 కిలోల బెల్లం వేస్తాం, అది సూక్ష్మజీవులకు మేత. వాటికి మంచిదైనంత మాత్రాన ఈగకూ మంచిదని కాదు కదా!

బ్రౌన్ షుగర్, మొలాసిస్ కూడా ఇంతే, ఆర్గానిక్ అని రాసి ఉన్నా సరే. బజారు తేనె అసలు పెట్టొద్దు, అందులో వేరే ఈగల రోగాలు రావచ్చు. మామూలు తెల్ల పంచదారే మేలు, అది దాదాపు మొత్తం సుక్రోజే.

నేను పెట్టే పద్ధతి ఇది. లీటరు నీళ్లు కాచి, పొయ్యి ఆపేసి, కిలో పంచదార వేసి కలుపుతాను. పంచదార వేశాక మరిగించను. నిమ్మరసం పిండను. పాకం మాడినా, పులుపు వేసి కాచినా ఈగలకు హాని చేసే పదార్థం పెరుగుతుంది. బాగా చల్లారాక సాయంత్రం పూట పెట్టె లోపలే పెడతాను. ఈగలు మునిగిపోకుండా పుల్లలు వేస్తాను. పగలు పెట్టినా, బయట ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. మిగిలి పులిసిన నీళ్లు పారబోయాల్సిందే.

ఇక అసలు మాట. పంచదార ఆపద్ధర్మం, రోజూ పెట్టే మేత కాదు. చట్రం ఎత్తి చూడండి. పిల్లల గది పైఅంచున మూత వేసిన తేనె ఉంటే ఏమీ పెట్టక్కర్లేదు. మనమే తేనె మొత్తం పిండుకుని, తర్వాత పంచదార పోయడం న్యాయం కాదు. వాటి వాటా వాటికి వదలాలి. గట్ల మీద మునగ, తులసి, పొలంలో ధనియాలు, నువ్వులు, కంది ఉంటే పూల కరువు చాలావరకు తగ్గుతుంది.

పూత మొదలయ్యే ముందే పంచదార ఆపేయాలి. తేనె గది పెట్టాక ఒక్క చుక్క కూడా పోయొద్దు. మనం పోసిన పంచదార సీసాలోకి వస్తే అది కల్తీయే, ఈగల నోటి ద్వారా వచ్చినా సరే. మన తేనె కొనేవాళ్లు మన మాట నమ్మి కొంటున్నారు. వానాకాలంలో పంచదార పెట్టామని వాళ్లకు చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. సీసాలో అది లేకుండా చూసుకుంటే చాలు.