వేవిళ్లు జబ్బుగా ముదిరితే

ప్రతి పదిమంది గర్భిణుల్లో ఏడెనిమిది మందికి వికారమో వాంతులో తప్పవు. సాధారణంగా ఇవి రెండో నెలలో మొదలై మూడో నెల దాటాక తగ్గుముఖం పడతాయి. నూటికి ఒకరిద్దరిలో మాత్రం తగ్గకపోగా ముదురుతాయి. మంచినీళ్లు కూడా కడుపులో నిలవవు. నోరు పిడచకట్టుకుపోతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. గర్భానికి ముందున్న బరువులో 5 శాతం, కొందరిలో అంతకు మించి తరిగిపోతుంది. వైద్యులు హైపర్‌ఎమెసిస్ గ్రావిడేరమ్ అనే ఈ జబ్బు కొందరిని ప్రసవం దాకా వదలదు.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దీన్ని మనసుకు అంటగట్టారు. కడుపులో బిడ్డ ఇష్టం లేని స్త్రీకే వాంతులు ఎక్కువవుతాయని వైద్యులే రాశారు. బాధితురాలినే దోషిగా నిలబెట్టిన ఆ వాదం అన్యాయమైనది, ఆధారం లేనిది. 2023 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అసలు కారణాన్ని చాలావరకు తేల్చింది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త స్టీఫెన్ ఓరాహిల్లీ, అమెరికా పరిశోధకురాలు మార్లీనా ఫెజో బృందాలు చేసిన పని అది. ఇదే జబ్బుతో 1999లో ఫెజో తన గర్భాన్ని కోల్పోయారు.

గర్భస్థ శిశువు, మావి నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి చేరుతుంది. అది మెదడు అడుగుభాగాన్ని తాకి వికారం పుట్టిస్తుంది. గర్భానికి ముందు ఈ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీ శరీరానికి దాని అలవాటు ఉండదు. ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేదు. బీటా తలసీమియా ఉన్న స్త్రీలలో ఈ హార్మోను ఎప్పుడూ ఎక్కువే. గర్భం దాల్చినప్పుడు వారిని వికారం అంతగా బాధించదు.

‘మేమంతా కనలేదా’ అనే పెద్దల ఓదార్పు మామూలు వేవిళ్లకు సరిపోతుంది. ఈ జబ్బులో అదే మాట చికిత్సను ఆలస్యం చేస్తుంది. మందులంటే ఉన్న భయం కూడా అంతే. 1957-61 మధ్య థాలిడోమైడ్ అనే మందు వాడిన తల్లులకు పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. ఆ భయం నేటికీ పోలేదు. కానీ డాక్సిలమైన్, విటమిన్ బి6 కలిసిన మాత్ర దశాబ్దాలుగా లక్షల మంది వాడినది. శిశువుకు హాని లేదని పరిశోధనలు తేల్చినది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త గ్లూకోజ్ విషయంలో కావాలి. నీరసమనగానే ఊళ్లో గ్లూకోజ్ సీసా ఎక్కించే అలవాటు తెలుగు రాష్ట్రాల్లో గట్టిగా పాతుకుపోయింది. శరీరంలో థయమిన్, అంటే విటమిన్ బి1, నిల్వలు రెండు మూడు వారాలకు మించి ఉండవు. వారాల తరబడి తిండి నిలవని గర్భిణికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. వెర్నికే అనే మెదడు జబ్బు రావచ్చు. చూపు చెదురుతుంది, నడక తూలుతుంది, మతి స్థిమితం తప్పుతుంది. జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. ముందు థయమిన్ ఇవ్వాలి. ఎక్కించాల్సింది సాధారణ సెలైన్, అవసరాన్ని బట్టి పొటాషియం.

రోజంతా ఏదీ నిలవకపోయినా, ఎనిమిది గంటలపాటు మూత్రం రాకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కవలలు, ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ), మూత్రనాళ ఇన్ఫెక్షన్, థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో అక్కడ పరీక్షిస్తారు. ఒకసారి వచ్చినవారికి మలి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే వారికి వికారం మొదలైన రోజే మందు ఆరంభించాలి.