జెనీవా సరస్సు – షోలాపూరు చెరువులు

సంపాదకులు గారికి,

అయ్యా,

ఎండనుండి, గాలినుండి, నీటినుండి తీసే కరెంటు గురించి పత్రికలలో చాలా వ్రాస్తున్నారు. ఎన్ని మెగావాట్లు, ఎంత సబ్సిడీ అన్న లెక్కలే గాని, ఆ ఏర్పాటుకు యజమాని ఎవరు అన్న ప్రశ్న అంతగా వినబడుట లేదు. ఈ విషయమున స్విట్జర్లాండులోని జెనీవా నగరపు అనుభవము మన షోలాపూరు తెలుగువారు తెలిసికొనదగినది.

జెనీవా లెమాన్ సరస్సు చివర, రోన్ నది సరస్సును విడిచి బయలుదేరే చోట ఉన్నది. 1886లో అక్కడ నదిమీద పంపింగు కేంద్రము కట్టి, నది వేగముతోనే ఒత్తిడి గల నీటిని గొట్టాల ద్వారా కార్ఖానాలకు పంపినారు. గడియారాలు, నగలు చేసే పనివారు ఆ నీటితోనే తమ యంత్రాలు త్రిప్పుకొనేవారు. సాయంకాలము అందరూ ఒకేసారి పని ఆపగానే గొట్టాలలో ఒత్తిడి పెరిగిపోయేది. దానిని వదలుటకు పెట్టిన కవాటమునుండి ఎగసిన ధారయే నేటి ప్రసిద్ధ ఫౌంటెనుకు మూలము. 1891లో దానిని సరస్సు దగ్గరకు మార్చినారు. ఇప్పుడది 140 మీటర్ల ఎత్తు లేస్తుంది. ఫొటోలు తీసికొని వచ్చేవారికి తెలుసునో లేదో గాని, అది మొదట పనివాళ్లు ఇంటికి వెళ్లే వేళకు గుర్తు. మగ్గము దిగే వేళ ఎరిగిన మనవారికి ఈ సంగతి రుచిస్తుంది.

నేడు అక్కడ నీరు, గ్యాసు, కరెంటు ఇచ్చే సంస్థ ప్రజలదే. దాని మూలధనములో 55 పాళ్లు కాంటన్ ప్రభుత్వానివి, 30 పాళ్లు జెనీవా నగరానివి, మిగిలిన 15 పాళ్లు చుట్టుపట్ల మునిసిపాలిటీలవి. 15 పాళ్లు చిన్నవే. అయినా పొరుగు ఊరు చేయి చాచి అడిగేది కాక, లెక్క అడిగేది అయినది.

2009నుండి సరస్సు లోతులలోని చల్లని నీటితో అంతర్జాతీయ సంస్థల భవనాలను చల్లబరుస్తున్నారు. తరువాతి పథకానికి 45 మీటర్ల లోతునుండి నీరు తోడుతున్నారు. సరస్సు నీరు వేరు, భవనములో తిరిగే నీరు వేరు. రెండూ కలియవు, చలి మాత్రము మారుతుంది. శీతకాలములో ఆ నీటినుండే హీట్ పంపులు వేడిని లాగుతాయి. ఇటువంటి పెద్ద గొట్టాల వ్యవస్థ ప్రజాసంస్థ చేతిలోనే ఉండవలెనని 2022 ఫిబ్రవరిలో కాంటన్ ఓటర్లు పెద్ద మెజారిటీతో తీర్పు చెప్పినారు.

అక్కడ అంతా స్వర్గమని అనుకొనరాదు. ఇళ్లు వెచ్చబెట్టుకొనుటకు ఇప్పటికీ చమురు, గ్యాసులే ఎక్కువగా వాడుతున్నారు. అది ధనిక నగరము కూడాను.

మన సిద్ధేశ్వర చెరువుగాని, హిప్పర్గె చెరువుగాని అంత లోతైనవి కావు. మే నెల ఎండలో వాటి నీటితో ఆఫీసులు చల్లబరచవలెనన్నవాడిని జనము చూచి నవ్వుతారు. మనము తీసికొనవలసినది గొట్టము కాదు, వాటా. మనకు లేని లోతు జెనీవాకు ఉన్నది గాని, మనకు కాచే ఎండ వారికి లేదు. ఊరి ప్రక్కన ఫతాటేవాడిలో 1320 మెగావాట్ల బొగ్గు కేంద్రమున్నది. దానికి ఉజని జలాశయపు నీరు కావలెను. పైకప్పుమీది సౌరఫలకానికి బొగ్గూ అక్కరలేదు, దుమ్ము కడిగేపాటి నీరు చాలును.

2024లో కేంద్రము ప్రారంభించిన సూర్యఘర్ పథకము క్రింద ఇంటికి రూ. 78,000 వరకు సహాయము దొరకును. సొంత కప్పు ఉన్నవారికి మంచిదే. అద్దె షెడ్డులో నాలుగు పవర్‌లూములు నడుపుకొనేవాని గతి ఏమిటి? చాదర్లు, తువ్వాళ్లు నేసి కరెంటు బిల్లు కట్టేవాడు అతడే గదా! కార్పొరేషను భవనాలమీద, చుట్టుపట్ల గ్రామ పంచాయతీల స్థలాలలో సౌరకేంద్రాలు పెట్టి, ఆ గ్రామాలకు మూలధనములో వాటా, పాలకవర్గములో కుర్చీ ఇచ్చి, చిన్న నేతగాండ్రకు ఆ కరెంటు అందించుటకు చట్టము ఎంతవరకు వీలిస్తుందో మన కార్పొరేటర్లు కనుగొనవలెను. ఇది మన దేశానికి క్రొత్త మాట కాదు. ముంబైలో బెస్ట్ సంస్థ 1947నుండి మునిసిపాలిటీదే. బస్సులూ నడుపుతుంది, కరెంటూ ఇస్తుంది.

ఓట్ల కోసము తెలుగులో మాట్లాడే నాయకులను ఈసారి ఈ ఒక్క ప్రశ్న తెలుగులోనే అడుగవలసినదిగా మన పేటలవారిని కోరుచున్నాను. బళ్లారి, బరంపురము పాఠకులు తమ ఊళ్ల సంగతి కూడా ఈ శీర్షికలో వ్రాయగలరు.

ఇట్లు,
ఒక నేత కుటుంబీకుడు,
షోలాపూరు.